గాడి కొత్తదే, రబ్బరు పాతదే

అరిగిన టైర్లకు కోత: ఎక్కడ లాభం, ఎక్కడ ముప్పు?

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఒక గంటసేపు నిలబడితే చాలు, ఈ ప్రాంతపు బతుకుతెరువంతా చక్రాల మీద కదిలిపోతూ కనిపిస్తుంది. ఇటు హైదరాబాదు, అటు ముంబయి వైపు సాగే లారీలు, పటాన్‌చెరు కర్మాగారాలకు సరుకు చేరవేసే వ్యానులు, కంకర టిప్పర్లు, చెరకు ట్రాలీలు, ఎక్కడో పునాది తవ్వడానికి పోయే జేసీబీలు ఒకదాని వెంట ఒకటి వెళుతుంటాయి. ఒకప్పుడు 9వ నెంబరుగా ఉండి ఇప్పుడు 65వ నెంబరుగా మారిన ఈ జాతీయ రహదారి మీద ఇన్ని బండ్ల బరువును భరించేది టైరు మీది కాస్త రబ్బరే. ఆ రబ్బరు అరిగి టైరు గుండుగా మారినప్పుడు యజమాని ముందు మూడు దారులుంటాయి. కొత్త టైరు కొనడం ఒకటి, రీబటన్ వేయించడం రెండోది, ఉన్న టైరుకే మళ్లీ గాడులు కోయించడం మూడోది.

మూడింటిలో చవకైనది చివరిదే. కరెంటుతో వేడెక్కే చిన్న కత్తి, దాన్ని నడిపే చెయ్యి ఉంటే చాలు. పెద్దగా కాలం పట్టదు, టైరును ఊళ్లు దాటించే పని లేదు. కోత అయ్యాక చూస్తే టైరు మళ్లీ కొత్తదానిలా నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. విత్తనాలకు, ఎరువులకు, ట్రాక్టరు వాయిదాకు ఒకేసారి డబ్బు సర్దుకోవలసిన రైతుకు ఈ చవక దారి ఆకర్షణగా కనిపించడంలో వింత లేదు. ఈ పంట గట్టెక్కితే వచ్చే పంటకు కొత్త టైరు చూసుకోవచ్చునన్నది అతని లెక్క.

ఈ పని మొత్తం తప్పని కొట్టిపారేయడానికి లేదు. మొత్తం ఒప్పని మెచ్చుకోవడానికీ లేదు. ఒక్క సంగతి మాత్రం అందరూ గుర్తు పెట్టుకోవాలి. గాడి కోసినంత మాత్రాన టైరులో రబ్బరు పెరగదు. అడుగున దాచి ఉంచిన రబ్బరును పైకి తెచ్చి వాడుకోవడం మాత్రమే జరుగుతుంది. దాచినది ఉంటే అది పొదుపు. లేకుండా కోస్తే అది అప్పు, ఆ అప్పు ఎప్పుడో ఒకరోజు నడిరోడ్డు మీద తీర్చవలసి వస్తుంది.

టైరు లోపల ఏముంది?

పైకి ఒకే ముద్దలా కనిపించినా టైరు పొరలు పొరలుగా ఉంటుంది. నేలను తాకే పై రబ్బరు ఒక పొర. గాడులు ఉండేది దీనిలోనే. గాడి అడుగు నుంచి లోపలి దారాల వరకు మరికొంత రబ్బరు ఉంటుంది. దాని కింద నైలాను దారాల పొరలు, రేడియల్ టైర్లలో అయితే ఇనుప తీగల పట్టీలు ఉంటాయి. గాలి ఒత్తిడిని, బండి బరువును నిజంగా మోసేవి ఈ దారాలూ తీగలే. రబ్బరు వాటికి కవచం మాత్రమే.

కోతకు పనికివచ్చే టైర్లలో గాడి అడుగుకు, దారాలకు మధ్యనున్న ఆ రబ్బరును కంపెనీవారు కావాలనే మందంగా ఉంచుతారు. అటువంటి టైరు పక్క భాగం మీద ‘రీగ్రూవబుల్’ అన్న ఇంగ్లీషు మాట గాని, సున్నాలో ‘యు’ అన్న అక్షరం గాని అచ్చు పోసి ఉంటుంది. లారీ, బస్సు రేడియల్ టైర్లలో చాలావాటికి ఈ గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు లేని టైరును కోయడమంటే ఎంత లోతులో ఏముందో తెలియకుండా బావి తవ్వడం లాంటిదే. కారు టైర్లకు, మోటారు సైకిల్ టైర్లకు ఈ అదనపు మందం ఉండదు. వాటి జోలికి అసలే పోరాదు.

కోతలో పద్ధతి

సరైన పద్ధతి తెలిసినవారు టైరు పూర్తిగా గుండు అయ్యేదాకా ఆగరు. పాత గాడి ఇంకా మూడు, నాలుగు మిల్లీమీటర్ల లోతు ఉండగానే కోతకు దించుతారు. పాత గాడి కనిపిస్తుంటేనే దాని దారి వెంట కత్తి తిన్నగా నడుస్తుంది. ముందుగా టైరును కడిగి ఆరబెట్టి, గాడుల్లో ఇరుక్కున్న రాళ్లు తీసి, పాత దెబ్బలు చూస్తారు. చుట్టూ అనేక చోట్ల లోతు కొలిచి, అన్నిటికంటే తక్కువ రబ్బరు ఉన్న చోటును లెక్కలోకి తీసుకుని కత్తి లోతు బిగిస్తారు. ఒకచోట మందంగా ఉంది కదా అని అదే లోతు చుట్టూ తిప్పితే పలచని చోట దారాలు తెగుతాయి.

కోత అయ్యాక దారాల పైన ఎంత రబ్బరు మిగలాలి? టైరు కంపెనీలు కనీసం రెండు మిల్లీమీటర్లు ఉండాలంటాయి. అమెరికా నిబంధన ప్రకారం అంగుళాన్ని ముప్పయి రెండు భాగాలు చేస్తే అందులో మూడు భాగాలు, అంటే సుమారు 2.4 మిల్లీమీటర్లు మిగలాలి. దారం బయటపడితే ఆ టైరు అక్కడి రోడ్ల మీద తిరగడానికి వీల్లేదు. బస్సుల ముందు చక్రాలకు కోత టైర్లను ఆ దేశంలో పూర్తిగా నిషేధించారు. కోత పనికి ఎంతో అనుకూలమైన టైర్లు దొరికే చోటనే ఇన్ని కట్టుబాట్లు ఉన్నాయన్నది గమనించదగ్గ విషయం.

కత్తి వేడికీ లెక్క ఉంది. వేడి చాలకపోతే రబ్బరు తెగకుండా చిరుగుతుంది. వేడి ఎక్కువైతే మాడుతుంది. గాడి అడుగు గుండ్రంగా ఉంటే మంచిది. కోసుగా, మూలలు తేలేటట్లు కోస్తే ఆ మూలనుంచే పగులు మొదలవుతుంది. ఆ పగులులోంచి నీరు, బురద లోపలికి దిగి ఇనుప తీగలకు తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన పట్టీ మీద రబ్బరు నిలవదు, పొరలు విడిపోతాయి. ఇదంతా లోపల జరుగుతుంది కనుక డ్రైవరుకు తెలిసేసరికే ఆలస్యమవుతుంది.

ట్రాక్టరు టైరు సంగతి వేరు

మన గ్రామాలలో ఎక్కువమందికి కావలసినది ట్రాక్టరు టైరు గురించే. ట్రాక్టరు వెనుక టైరు మీద ఏటవాలుగా, పొలం గట్లలా లేచి ఉండే రబ్బరు గట్లే నేలను పట్టుకుని బండిని ముందుకు నెడతాయి. ఆ గట్ల మధ్య ఖాళీలో రబ్బరు మొదటినుంచీ పలచనే. దాని కిందే దారాల పొర. గట్లు అరిగి మట్టమైపోయాక మధ్యలో లోతు చేద్దామని కత్తి పెడితే అది తిన్నగా దారాలకే తగులుతుంది. లారీ టైరు విషయంలో పనిచేసిన ఉపాయం ట్రాక్టరు టైరుకు ఎందుకు పనిచేయదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక అరిగిన గట్ల మీదే సన్నని గాట్లు పెట్టించడం మరొక పద్ధతి. చూపుకు బాగుంటుంది గాని జిల్లాలోని నల్లరేగడి భూముల్లో రెండు చుట్లు తిరిగేసరికి ఆ గాట్లు మట్టితో పూడిపోతాయి. లోతైన గట్లున్న టైరు తిరుగుతూ తిరుగుతూనే మట్టిని విదిలిస్తుంది. సన్నని గాటుకు ఆ శక్తి లేదు. రెండు రోజులు పట్టు ఇచ్చినట్లు అనిపించి మూడోరోజు మళ్లీ జారుడు మొదలవుతుంది. వరి మడిలో దమ్ముకు ఎటూ ఇనుప చక్రాలే పట్టు ఇస్తాయి కనుక ఆ పేరుతో టైరు కోయించడం అనవసరం. ముందు చక్రాలు బండిని తిప్పేవి. వాటి జోలికి పోవడం మరీ ప్రమాదం.

మరి కోత ఎవరికి లాభం? మందమైన దిమ్మలతో, మట్టి పనికి తయారైన టైర్లున్న యంత్రాలకు లాభం. మట్టి చదును చేసే గ్రేడరు, ఎత్తిపోసే లోడరు వంటివి ఒకే ఆవరణలో, నెమ్మదిగా తిరుగుతాయి. వాటి టైర్లలో కోతకు తగినంత రబ్బరు మిగిలి ఉందని కొలిచి చూసుకుంటే, వానాకాలపు బురదలో కొన్ని నెలల పని తప్పక కలిసివస్తుంది. ఇటువంటి చోట చెయ్యి తిరిగిన పనివాడు యజమానికి మేలు చేసినట్లే.

క్వారీలో నున్నని టైరే మేలు

మట్టిలో లాభమైనది రాతిలో నష్టం కావచ్చు. పటాన్‌చెరు మండలం లక్డారం వంటి చోట్ల కంకర క్వారీల్లో తిరిగే యంత్రాల సంగతే తీసుకుందాం. అక్కడ టైరుకు శత్రువు జారుడు కాదు, పదునైన రాయి. గాడి కోస్తే ఆ గాడిలో రాయి ఇరుక్కుంటుంది. బండి బరువు పడిన ప్రతిసారీ ఆ రాయి మేకులా లోపలికి దిగుతుంది. గాడి అడుగున రబ్బరు ముందే పలచబడి ఉంటుంది కాబట్టి దారాలను చేరడానికి ఎంతోకాలం పట్టదు.

అందుకే రాతి పనికి కంపెనీలు గాడులే లేని, మామూలుకు రెండున్నర రెట్ల మందం గల నున్నని టైర్లను ప్రత్యేకంగా తయారు చేస్తాయి. గుండు టైరు కనిపించగానే కోత అవసరమని అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఎండు రాతినేల మీద నున్నగా అరిగిన టైరును దారం కనిపించే లోపల దించేసి రీబటన్‌కు పంపడం కోతకంటే తెలివైన పని.

పెద్ద గనుల అనుభవం కూడా ఇదే చెబుతుంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గును, మట్టిని మోసే డంపర్ల టైర్లు నిలబడిన మనిషి కంటే ఎత్తుగా ఉంటాయి. 2000 తర్వాతి దశాబ్దంలో ప్రపంచమంతటా గనుల తవ్వకం పెరిగి ఇటువంటి భారీ టైర్లకు తీవ్రమైన కొరత ఏర్పడింది. డబ్బు చేతిలో ఉన్నా టైరు దొరకని పరిస్థితి వచ్చింది. అప్పుడు గనులవారు ముందుగా చేసినది రోజూ గాలి కొలవడం, దారిలో పడ్డ రాళ్లు ఏరించడం, అధిక లోడు తగ్గించడం, చిన్న దెబ్బలను వెంటనే బాగుచేయించడం. టైరు ఆయుష్షు పెంచే పనిలో కత్తి చివరి మెట్టేగాని మొదటి మెట్టు కాదు.

రీబటన్ యోగం పోగొట్టుకోరాదు

రీబటన్ వేరు, కోత వేరు. రీబటన్‌లో అరిగిన పై పొరను గీకి, కొత్త రబ్బరు పరిచి, వేడిమీద, ఒత్తిడి మీద అతికిస్తారు. గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు గట్టిపడి నిలుస్తుందని 1839లో చార్లెస్ గుడియర్ కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ దీనికి ఆధారం. ఇందులో టైరుకు నిజంగా కొత్త రబ్బరు చేరుతుంది. ఖర్చు కోతకంటే ఎక్కువ, కొత్త టైరుకంటే తక్కువ.

అయితే రీబటన్‌కు కావలసినది దెబ్బ తినని దారాల గూడు. ఆ గూడు బాగుంటేనే రీబటన్ పనివారు టైరు తీసుకుంటారు. మిషెలిన్ వంటి కంపెనీలు తమ లారీ టైరుకు నాలుగు జీవితాలని చెబుతాయి. కొత్త టైరు, కోత, ఆపైన రీబటన్, మళ్లీ ఒక కోత. మొదటి కోత హద్దులో ఉన్నప్పుడే తర్వాతి రెండూ సాధ్యం. అడ్డగోలుగా లోతు కోసిన టైరులో దారాలు తెగి, నీరు చేరి, గూడే పాడవుతుంది. దాన్ని ఇక రీబటన్‌కు ఎవరూ తీసుకోరు. కొద్దిపాటి ఖర్చుతో నాలుగు నెలలు కలిసివచ్చాయని సంతోషించిన యజమాని, ఆ కోతవల్ల ఏళ్ల తరబడి నడవవలసిన గూడును తుక్కు ధరకు అమ్ముకోవలసి వస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది.

పొలం దాటి రోడ్డెక్కితే

ఇక అసలు సమస్య. పొలంలో తిరిగే బండికీ, మట్టి పని చేసే యంత్రానికీ కోత టైరు ఫరవాలేదని చెప్పడం తేలిక. కాని మన దగ్గర పొలంలోనే ఉండిపోయే బండి ఎక్కడుంది? పొద్దున దుక్కి దున్నిన ట్రాక్టరు సాయంత్రం చెరకు లోడుతో రోడ్డెక్కుతుంది. ఒక ఊళ్లో మట్టి తీసిన జేసీబీ మరో ఊరికి పోవాలంటే ఈ జాతీయ రహదారి మీదుగానే పోవాలి. పని యంత్రం పాత టైరు కొన్నాళ్ల తర్వాత ఏ ట్రాలీకో చేరుతుంది. చేతులు మారేసరికి అది కోత టైరన్న సంగతి కూడా మరుగున పడుతుంది.

లారీకి పనికిరాని టైరును ఎడ్లబండికి వేసుకోవడం మన ఊళ్లలో ఏనాటినుంచో ఉంది. ఎవరికీ హాని కలగలేదు. కారణం ఎద్దు నడక. టైరును చంపేది బరువు, వేగం, వాటివల్ల పుట్టే వేడి. ఎద్దు నడకకు సరిపోయిన టైరు గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో, నాలుగైదు టన్నుల లోడుతో, వేసవి ఎండలో కాలిన తారు మీద పోయే ట్రాలీకి సరిపోదు. పైన పటారం, లోన లొటారం అన్నట్టు కొత్త గాడులతో మెరిసే టైరు లోపల ఎంత బలహీనంగా ఉందో చూపుకు తెలియదు. అరిగి గుండైన టైరును చూసి డ్రైవరు కాస్త జాగ్రత్తగానైనా పోతాడు. కోత టైరు ఆ భయాన్ని కూడా పోగొడుతుంది. ఇదే అన్నిటికంటే పెద్ద ముప్పు.

ట్రాలీలో వెళ్లేది చెరకే అయితే నష్టం డబ్బుతో పోతుంది. కాని నాట్లకు, పత్తి ఏరడానికి, శుభకార్యాలకు మనుషులు వెళ్లేది కూడా అదే ట్రాలీలో. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేనుమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రమాదాన్ని టైరుకు అంటగట్టనక్కర లేదు. ట్రాలీ బోల్తాపడితే అందులోని మనుషులకు ఏ రక్షణా ఉండదన్నది మాత్రం ఆ దుర్ఘటన తేల్చి చెప్పింది. మనుషులను ట్రాలీలో తరలించడమే చట్టవిరుద్ధం. ఆ తప్పుకు కోత టైరు కూడా తోడైతే ప్రాణాలతో చెలగాటమే.

చట్టం సంగతికొస్తే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం లారీ, బస్సు, కారు వంటి వాహనాల టైరుకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. దారాలు బయటపడిన టైరు, ఉబ్బు వచ్చిన టైరు రోడ్డుకు పనికిరావు. ఇక్కడొక చిక్కుంది. కత్తితో తీసిన గాడి లోతు కొలిస్తే కొలత సరిపోయినట్టే కనిపిస్తుంది. గాడి ఎంత లోతుందని చూడడంతోపాటు గాడి కింద ఎంత రబ్బరు మిగిలిందని కూడా చూస్తేగాని తనిఖీకి అర్థం ఉండదు.

కొనేవారు చూడవలసినవి

పాత టైరు కొనేటప్పుడు రైతు సోదరులు కొన్ని గుర్తులు చూసుకుంటే మోసపోరు.

లారీ, కారు టైర్ల గాడి అడుగున అక్కడక్కడ చిన్న ఎత్తుగడ్డలు ఉంటాయి. అరుగుదల హద్దు తెలపడానికి కంపెనీ పెట్టినవే ఇవి. గాడి లోతుగా ఉండి, ఈ గడ్డలు మధ్యకు తెగి కనిపిస్తే, లేదా అసలే లేకపోతే అది కోత టైరని గ్రహించాలి.

అచ్చులో పోసిన గాడి అంచులు, వెడల్పు చుట్టూ ఒకేలా ఉంటాయి. చేతికోతలో అంచు పదునుగా, వెడల్పు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది. గాడి గోడల మీద కత్తి నడిచిన చారలు కనిపిస్తాయి.

గాడి అడుగున వేలు పెట్టి చూడాలి. దారపు గీతలు తగిలినా, తెల్లని నూలుపోగులాంటిది కనిపించినా, ఇనుప తీగ మెరిసినా ఆ టైరు ఎంత చవకకు వచ్చినా వద్దు.

టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. వయసు మీరిన రబ్బరుకు పక్క గోడల మీద సన్నని పగుళ్లు వస్తాయి. నల్లరంగు పూసి ఉంటే తడిగుడ్డతో తుడిచి మరీ చూడాలి.

కోతకు ముందు గాలి

టైరు త్వరగా అరగడానికి కారణం చాలాసార్లు వాడకంలోనే ఉంటుంది. పొలంలో తక్కువ గాలి, రోడ్డు మీద లోడుతో వెళ్లేటప్పుడు ఎక్కువ గాలి ఉండాలని కంపెనీ పుస్తకంలో కొలతలతో సహా రాసి ఉంటుంది. ఏడాది పొడుగునా ఒకే గాలితో నడిపేవారే ఎక్కువ. గాలి ఎక్కువైతే పొలంలో చక్రం జారి టైరు నడుమ అరుగుతుంది. గాలి తక్కువతో రోడ్డెక్కితే అంచులు అరిగి, పక్క గోడలు నలిగి వేడెక్కుతాయి.

చక్రం ఎంత జారుతోందో రైతే లెక్క తేల్చుకోవచ్చు. టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి, ఉత్త బండితో పొలంలో చక్రం పది చుట్లు తిరిగిన దూరానికి రెండు పుల్లలు పాతాలి. తర్వాత అదే దూరం నాగలి దింపి దున్నుతూ చుట్లు లెక్కపెట్టాలి. పదకొండు, పదకొండున్నర చుట్లయితే జారుడు హద్దులో ఉన్నట్టే. పన్నెండు దాటితే డీజిలూ, రబ్బరూ రెండూ మట్టిపాలవుతున్నట్టు లెక్క. అప్పుడు వెనుక టైర్లలో నాలుగింట మూడు వంతుల వరకు నీళ్లు నింపించడమో, బరువు దిమ్మలు తగిలించడమో, నాగలి లోతు తగ్గించడమో చేయాలి. నీళ్లకు ఖర్చు లేదు.

టైరు మీద డీజిలు, ఆయిలు పడితే వెంటనే కడగాలి. బండిని నీడన నిలపాలి. చిన్న కోత పడినప్పుడే అతికించాలి. ఇవన్నీ పాటించిన రైతుకు కోత అవసరమే చాలా ఆలస్యంగా వస్తుంది.

ఎవరేం చేయాలి?

టైరును ఎక్కువ కాలం నడిపించాలన్న కోరిక మంచిదే. పాత టైర్లను రోడ్డు పక్కన తగలబెడితే వచ్చే నల్లని పొగ ఎంత హానికరమో, కాలుష్యంతో ఏళ్ల తరబడి వేగిన పటాన్‌చెరు ప్రాంత ప్రజలకు ఒకరు చెప్పనక్కర లేదు. వ్యర్థ టైర్ల బాధ్యతను తయారీదారులకే అప్పగిస్తూ కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో నిబంధనలు తెచ్చింది. ఒక టైరు మరో ఏడాది నడిస్తే తుక్కు ఆమేరకు తగ్గుతుంది. కావలసినది పద్ధతి.

మొదటిది, కోత పనివారికి శిక్షణ. వారు పొట్టకూటికి నేర్చుకున్న పని ఇది, వారిని దోషులుగా చూడడం న్యాయం కాదు. సదాశివపేట దగ్గర ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉన్న జిల్లా ఇది. టైరు గురించి తెలిసిన నిపుణులకు ఇక్కడ కొదవ లేదు. ఐ.టి.ఐ.లు పూనుకుని నాలుగైదు రోజుల తరగతులు పెడితే ఎంతోమంది నేర్చుకుంటారు. గాడి లోతు కొలిచే చిన్న పరికరం ప్రతి దుకాణంలో ఉండేలా చూడాలి.

రెండోది, చెప్పి అమ్మడం. కోసిన టైరు పక్కన చెరగని రంగుతో గుర్తు వేయాలి. బిల్లు మీద కోత టైరని రాయాలి. తెలిసి కొనుక్కున్నవాడు దాన్ని ఎక్కడ వాడాలో తానే నిర్ణయించుకుంటాడు. దాచి అమ్మడం మోసమే.

మూడోది, తనిఖీ. చెరకు సీజనులో రవాణా శాఖవారు లారీల పత్రాలతోపాటు ట్రాలీల టైర్లను కూడా చూడాలి. జరిమానా వేయడం కంటే ఆ టైరును అక్కడే దింపించడం వల్ల ఎక్కువ ప్రయోజనం. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల దగ్గర గాలి కొలిచే మీటరు, గాలి పంపు అందుబాటులో ఉంచితే రైతులకు చెప్పిన మాట చేతికి అందుతుంది.

చివరి నిర్ణయం యజమానిదే. ఆవరణ దాటని యంత్రానికి, తగినంత రబ్బరున్న టైరుకు, కొలిచి కోసే చెయ్యి దొరికితే కోత వేయించుకోవచ్చు. ట్రాక్టరు టైరుకు రీబటన్ మేలు. ముందు చక్రానికి, మనుషులు ఎక్కే బండికి కోత టైరు ఎన్నడూ వద్దు. కొత్త టైరుకు డబ్బు సర్దుబాటు కాని రోజున బండిని పొలం వరకే పరిమితం చేసి, రోడ్డు మీది కిరాయి కొన్నాళ్లు వదులుకోవడం నష్టంగా తోచవచ్చు. ట్రాలీలో వెళ్లే కూలీలు అదే ఊరివారు, చాలాసార్లు ఆ ఇంటివారే. వారు సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరడం కంటే ఆ కిరాయి ఎక్కువేమీ కాదు.